సెల్ఫ్ కొట్టమాకు!

2023 డిసెంబరు 5, మంగళవారం. రేపల్లె.

తెల్లారినట్టే లేదు. రాత్రంతా కొట్టిన వాన ఇంకా కొడుతూనే ఉంది. మిగ్‌జాం తుపాను బాపట్ల మీదికే వస్తోందని టీవీలు గోల పెడుతున్నాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన ముసలివాళ్లు అరుగు దిగడం లేదు.

"ఇంకో రాత్రి ఇక్కడే ఉంటే మొలకొస్తయ్యి అబ్బాయా, తీసుకుపో!" రైతు గొంతు వణికింది.

బస్తాల్లో ఉన్నది బీపీటీ 5204. బాపట్లలో పుట్టిన సన్నరకం. ఆ రోజు డెల్టాలో ధాన్యంతో రోడ్డెక్కిన లారీల్లో ఇదొకటి అనుకోండి. తెనాలి మిల్లుకు చేరాలి. లోడు మీద పట్టాలు పరిచారు. తాళ్లు లాగి బిగించారు. చిల్లు కనిపించిన చోటల్లా గుడ్డ కుక్కారు. క్యాబిన్ వెనక నిటారుగా నిలబడ్డ ఇంజన్ గాలి గొట్టం వంక మాత్రం ఒక్కరూ తలెత్తి చూడలేదు.

లారీ భట్టిప్రోలు దాటింది.

వైపర్లు ఊగుతున్నా అద్దం మీద నీళ్లు తప్ప ఏమీ ఆనక, పడిపోయిన వరి ఎక్కడో రోడ్డు అంచు ఎక్కడో తేల్చుకోలేక, విరిగిపడ్డ తుమ్మ కొమ్మల్ని తప్పించుకుంటూ, పక్క నుంచి తోసే గాలికి లోడంతా ఒరుగుతుంటే స్టీరింగును రెండు చేతులా పట్టుకుని డ్రైవర్ మెల్లగా నడుపుతున్న లారీ ఉన్నట్టుండి బరువెక్కింది. యాక్సిలరేటర్ తొక్కాడు. లాగలేదు. ఇంకాస్త తొక్కాడు. పక్క అద్దంలో నల్లటి పొగ.

ఇంజన్ ఒక్కసారి దగ్గింది. ఆగిపోయింది.

రోడ్డు మీద నీళ్లు టైరులో సగం కూడా లేవు. గాలి పీల్చే మూతి చూస్తే క్యాబిన్ అంత ఎత్తున ఉంది. మరి నీళ్లెట్టా పోతాయి? డ్రైవర్ కిందికి దూకాడు. క్లీనర్ కుర్రాడు ఆ సీట్లోకి జరిగి తాళంచెవి పట్టుకున్నాడు.

"సెల్ఫ్ కొట్టమాకు!"

డ్రైవర్ అరుపుకి కుర్రాడి చెయ్యి బిగుసుకుపోయింది.

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని దాదాపు 17వ వంతుకు నొక్కేస్తే, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. గాలి నలుగుతుంది. నీళ్లు నలగవు. సిలిండర్లో చారెడు నీళ్లున్నా సరే, పైకొచ్చే పిస్టన్ వాటికి గుద్దుకుంటుంది. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. విరిగితే బ్లాకుకే చిల్లు. ఇప్పుడు లోపలికి ఎన్ని నీళ్లు పోయాయో ఎవరికి తెలుసు?

తెనాలిలో మెకానిక్ షెడ్డు మేస్త్రీకి ఫోన్ కలిసింది.

"గొట్టం మూతి ఎటు తిరిగుంది?"

"వెనక్కే మేస్త్రీ. ఎప్పుడూ అంతేగా."

"గాలి ఎటునుంచి కొడతంది?"

డ్రైవర్ నోట మాట రాలేదు.

పరిగెత్తే బండికి వాన ఎదురొస్తుంది. అందుకే మూతి వెనక్కి పెడతారు. మామూలు వానలకు అది చాలు. తుపాను లెక్క వేరు. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా సుడి తిరుగుతుంది. కేంద్రం బాపట్ల దగ్గరుంటే, దానికి ఈశాన్యాన ఉన్న ఈ రోడ్డు మీద గాలి తూర్పు, ఆగ్నేయాల నుంచి తోస్తుంది. లారీ పోతున్నది వాయవ్యానికి. ఊడ్చుకొచ్చిన వానంతా వెనక నుంచి, తెరిచి ఉన్న ఆ మూతిలోకే!

"ఎయిర్ క్లీనర్ అడుగున రబ్బరు ముక్కు ఉంటది. వేలితో నొక్కు."

పట్టా కొస కప్పుకుని ఇద్దరూ వంగారు. బొటనవేలంత రబ్బరు. రెండు పెదాలు అతుక్కుని ఉన్నాయి. ఎత్తు గొట్టంలోకి ఎప్పుడైనా కాస్తో కూస్తో వాన పడుతుంది. అది కారిపోవడానికి పెట్టిన దారే ఇది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఆ పెదాలు తెరుచుకుంటూ మూసుకుంటూ దుమ్మునీ నీళ్లనీ కక్కెయ్యాలి. ఇక్కడ కదలడమే లేదు. లోడింగులో లేచిన వడ్ల నూగు, మట్టి కలిసి తడిసి బిగుసుకుపోయాయి. డ్రైవర్ గోటితో గీకాడు. గట్టిగా నొక్కాడు.

బుడబుడా నల్లనీళ్లు. మోచేతి దాకా కారాయి. ఆగడం లేదు.

డబ్బా మూత విప్పారు. కాగితం ఫిల్టర్ నాని, మడతలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. గాలి దూరే సందు లేదు. నల్లపొగ అందుకే.

"దానికి గాలి కొట్టి మళ్లీ పెట్టమాకు, చిరుగుద్ది," మేస్త్రీ గొంతు పెంచాడు. "ఫిల్టర్ అవతల, టర్బోకి పోయే పైపులో చెయ్యి పెట్టి చూడు. తడుందా?"

వేళ్లు పైపులోకి దూరాయి.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే, 12.30కీ 2.30కీ మధ్య, బాపట్లకు కాస్త దక్షిణంగా తుపాను తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. ఉండుండి 110 దాకా.

"పొడిగా ఉంది మేస్త్రీ!"

కాగితం నీళ్లను పట్టేసింది. ఇంకో మైలు అలాగే తొక్కి ఉంటే చిరిగేదే.

సీటు వెనక మొన్న మార్చిన పాత ఫిల్టర్ పడి ఉంది. దుమ్ముపట్టింది, అయినా పొడి. అది బిగించారు. ఈలోగా కుర్రాడు పాలిథిన్ కవరు పట్టుకుని క్యాబిన్ వెనక ఎక్కేశాడు, మూతిని మూసి కట్టేద్దామని.

"దిగరా! ఊపిరాడక ఇంజన్ దాన్నే లోపలికి లాక్కుంటది!"

ఖాళీ ఇంజనాయిల్ డబ్బా దొరికింది. పైభాగం కోశారు. గొట్టం మూతి మీద బోర్లించి, చుట్టూ జాగా వదిలి, అంచులు మూతి కన్నా కిందికి దిగేలా తీగతో కట్టారు. ఇక గాలి కింద నుంచి వంపు తిరిగి పైకెక్కాలి. బరువైన చినుకు ఆ వంపు తిరగలేదు, జారి కింద పడుతుంది.

"ఇప్పుడు కొట్టు."

ఒక్క తిప్పుకే అంటుకుంది.

చీకటి పడ్డాక తెనాలి షెడ్డు. మేస్త్రీ టార్చి వేసి గొట్టం పొడవునా తడిమాడు. క్యాబిన్ పైకి లేవాలి కాబట్టి, పై గొట్టానికీ కింది డబ్బాకీ మధ్య రబ్బరు బెల్లోస్ ఉంటుంది. మడతలు విప్పి చూపించాడు. లోపలి మడతలో గోరు దూరేంత పగులు. టైర్లు చిమ్మిన నీళ్లు దాంట్లోంచీ పోయాయి. మూతి ఎంత ఎత్తున పెడితే ఏం లాభం? పగిలిన రబ్బరు తీసి అవతల పారేశాడు. కొత్తది బిగిస్తూ ఉండగానే ట్రాక్టరు ఒకటి తాడు కట్టి ఇంకో లారీని లాక్కొచ్చింది.

దాని డ్రైవర్ తడిసి ముద్దయి ఉన్నాడు. "దారిలో ఆగిపోయింది మేస్త్రీ. నీళ్లలో మునిగిందీ లేదు, ఏమీ లేదు."

"ఆగినాక సెల్ఫ్ కొట్టావా?"

"కొట్టా. రెండోసారికి టక్కుమని బిగుసుకుంది."

మేస్త్రీ చేతిలోని క్లిప్ కుర్రాడికిచ్చి, ఇంజెక్టర్లు విప్పే స్పానర్ కోసం లేచాడు.