విదేశీ భౌతికశాస్త్ర ఉపకారవేతనాలు (కర్నూలు, కడప)

విదేశాల్లో భౌతికశాస్త్రం చదవాలనుకునే కర్నూలు, కడప విద్యార్థులకు ఆధారం రెండు రకాలు: ప్రభుత్వ ఉపకారవేతనం, విశ్వవిద్యాలయమే ఇచ్చే అసిస్టెంట్‌షిప్. ఎస్సీ తదితర వర్గాలకు కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ ఉపకారవేతనానికి కుటుంబ వార్షికాదాయ పరిమితి 8 లక్షల రూపాయలు; రాష్ట్రం 2022లో ప్రకటించిన జగనన్న విదేశీ విద్యా దీవెనకూ అంతే ఉండేది. ఆ దీవెనలో తొలి విడత విద్యార్థి విదేశంలో అడుగుపెట్టాకే వచ్చేది. మిగతావి సెమిస్టర్ ఫలితాలను బట్టి వచ్చేవి. వాన మీద బతికే వేరుశనగ రైతు ఇంట్లో టికెట్‌కూ వీసాకూ ముందే అప్పు పుట్టాల్సి వచ్చేది. అసలు కష్టం అక్కడే ఉండేది.

అసిస్టెంట్‌షిప్‌తో అమెరికాలో పీహెచ్‌డీ చేసే దారి ఇంతకంటే మేలు: సాధారణంగా ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్. బదులుగా ల్యాబ్‌లో డిగ్రీ పిల్లలచేత లోలకం ప్రయోగం చేయించాలి, జవాబు పత్రాలు దిద్దాలి. మూడేళ్ల బీఎస్సీ చాలదనే చోట్లు ఎక్కువ. అందుకే కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయంలోనో ఎమ్మెస్సీ ముగించి దరఖాస్తు పెట్టడం మంచిది.