గుత్తి దాహం, తాడిపత్రి బుగ్గ

అనంతపురం సీమలో కోటను లొంగదీయడానికి ఫిరంగుల కంటే ఎండే ఎక్కువ పనికొస్తుంది. 1776లో గుత్తిలో జరిగింది అదే. గుత్తిని ఏలుతున్న మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే మీదికి మైసూరు నుంచి హైదర్ అలీ దండెత్తి వచ్చాడు. కింద ఊరు పోయేసరికి జనం, గొడ్డూగోదా కొండెక్కారు. పైన బావులు, తొట్లు తక్కువేం కాదు. బండ తొలిచి, రాళ్ళు పేర్చి తరతరాలుగా కట్టుకున్నవే. కానీ అక్కడ వాననీరు పట్టి దాచుకోవాల్సిందే. తాగే నోళ్ళు పెరిగాయి, నీళ్ళు అడుగంటాయి, మురారిరావు లొంగిపోయాడు. ఇప్పుడు కోట ఎక్కేవాళ్ళు ద్వారాలు లెక్కపెట్టుకుంటూ పోతారు. నన్నడిగితే ఆ కొండ మీద చూడాల్సింది ఈ నీటి గుంటలనే.

అక్కడికి సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో, పెన్న ఒడ్డున తాడిపత్రి. 15వ శతాబ్దం చివర్లో పెమ్మసాని రామలింగ నాయుడు బుగ్గ రామలింగేశ్వరుడి గుడి కట్టించాడంటారు. పూర్తికాని గోపురాల మీది చెక్కడాన్ని వాస్తు చరిత్రకారుడు ఫెర్గూసన్ అంతటివాడు మెచ్చుకున్నాడు, మనవాళ్ళూ ఫొటోలన్నీ అక్కడే దిగుతారు. ఊరికి అసలు విశేషం మాత్రం గర్భగుడిలో ఉంది. లింగం అడుగున బుగ్గ, అంటే ఊట, ఉంది. అభిషేకానికి బిందె మోసుకురానక్కర లేదు.

ఇంత దగ్గర్లో ఇంత తేడా ఎందుకంటే రాయి వేరు. గుత్తిది గ్రానైట్, పగుళ్ళలో తప్ప నీరు నిలవదు. తాడిపత్రిది పొరలుపొరలుగా ఉండే సున్నపురాయి, నీరు అందులోకి ఇంకుతుంది. ఇళ్ళలో పరుచుకునే తాడిపత్రి బండలు ఆ పొరల నుంచి వచ్చినవే. దగ్గర్లోని బెలుం గుహలను తొలిచింది కూడా సున్నపురాయిలోకి ఇంకిన నీరే.

సీమలో పడమటి, దక్షిణపు ఊళ్ళకు ఆ భాగ్యం లేదు. వాళ్ళకు ఏటి ఇసుకే దిక్కు. పెన్న, చిత్రావతి, వేదవతి పైకి ఎండినట్టున్నా ఇసుక కింద నీరు కదులుతుంది. రైతులు ఎగువన ఇసుకలో పొడవాటి కాలువ తవ్వేవారు. కిటుకంతా వాలులో ఉంది. ఏటి వాలు కంటే కాలువ వాలు తక్కువ పెడితే, కొంతదూరం పోయేసరికి నీరు గట్టు మీది మడికి దానంతటదే అందుతుంది. నీళ్ళు తోడే కపిల లేదు, ఎద్దు లేదు. వరదొస్తే మొత్తం పూడిపోయేది. మళ్ళీ ఆయకట్టు రైతులంతా పారలు పట్టేవారు. వీటిని ఊటకాలువలన్నారు, మడకశిర వైపు తలపరిగలన్నారు.

చెరువులకు, పెద్ద కాలువలకు చరిత్రలో చోటు దక్కింది. 1364లో అనంతసాగరం చెరువు కట్టించిన చిక్కప్ప ఒడెయరు మనకు గుర్తున్నాడు. 1388లో పెనుకొండకు పెన్న నీళ్ళు కాలువలో తెచ్చిన సింగయభట్టు పేరు శాసనానికెక్కింది. ఏటేటా ఇసుక ఎత్తిపోసిన వాళ్ళకు శాసనం వేయించేదెవరు?

ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిసే నేల ఇది. వందల అడుగుల బోర్లు దిగాయి, ఏటి ఇసుక లారీలెక్కింది, ఊటకాలువల్లో ఊట తగ్గింది. వారసత్వ నడకదారి అంటూ వేస్తే గుత్తికి, తాడిపత్రికి బోర్డులు ఎలాగూ పెడతారు. మడకశిర పక్కన పూడిన తలపరిగ గట్టున కూడా ఒకటి పెట్టాలి. కాలువ ఎక్కడ మొదలై ఏ మడిలో పడేదో గీసి చూపించాలి. పార పట్టిన పెద్దవాళ్ళను అడిగి గీయాల్సిన బొమ్మ అది, ఇంకో పదేళ్ళు ఆగితే చెప్పేవాళ్ళుండరు.