నేల దొరకని చోట అరచేయి

గాలిలో నిలిచిన చిన్న కెమెరా డ్రోన్‌ను నేల మీద దించకుండా చేత్తో అందుకుంటే చూసేవాళ్లకు అదొక విన్యాసంలా కనిపిస్తుంది. నడిపేవాడు గొప్పకు పోతున్నాడనుకుంటారు. ఈ అలవాటు ఎక్కడ పుట్టిందో వెతికితే ఆ మాట నిలవదు. దిగడానికి తగిన నేల లేని చోట్ల, అంటే పడవల మీద, ఇసుకలో, మోకాలెత్తు గడ్డి పెరిగిన బీళ్లలో ఇది అవసరంగా మొదలైంది. తయారీదారులు చాలాకాలం వద్దన్నారు. వాడేవాళ్లు మానలేదు. చివరికి యంత్రమే చేతికి తగ్గట్టు మారింది. ఇవాళ అరచేతిలో ఇమిడే డ్రోన్లకు ఆ రూపం, రెక్కల చుట్టూ ఆ గూడు రావడానికి వాడుకరుల మొండితనమే పెద్ద కారణమని నా వాదన.

ఎగిరేదాన్ని చేతి మీదికి రప్పించుకోవడం మనిషికి కొత్త కాదు. వేటడేగను సాకేవాడు తోలు తొడుగు వేసుకున్న పిడికిలి చాచి దాన్ని పిలిచేవాడు. సాళువ అంటే అలాంటి వేటడేగే. 1485లో విజయనగర సింహాసనమెక్కిన సాళువ నరసింహుడి వంశానికి ఆ పేరే నిలిచింది. అయితే డేగ తన గోళ్లతో తానే పట్టుకుంటుంది, డ్రోన్ విషయంలో పట్టు మనిషిదే కావాలి కాబట్టి ఈ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. అసలైన పూర్వరంగం రెండు చోట్ల ఉంది. ఒకటి, చేత్తో విసిరే ఇంజిన్ లేని రేడియో గ్లైడర్ల పోటీలు. ఆటగాడు గుండ్రంగా తిరుగుతూ రెక్క చివర పట్టుకుని దాన్ని పైకి విసురుతాడు. గడువు లోపల ఎన్నోసార్లు ఎగరేయాల్సి ఉంటుంది కాబట్టి, కిందపడితే వంగి తీసుకునే సెకన్లు కూడా దండగ. అందుకే నేలను తాకకముందే అందుకుని మళ్లీ విసరడం అక్కడ మామూలు నైపుణ్యం. రెండోది యుద్ధనౌక. 1986లో అమెరికా నౌక అయోవా మీదికి పయనీర్ అనే మానవరహిత విమానం చేరింది. నౌక మీద రన్‌వేకు చోటు లేదు. వెనక భాగంలో నిలువుగా వల కట్టి, విమానాన్ని నేరుగా అందులోకి పోనిచ్చి ఆపేవారు. దిగే చోటు లేకపోతే పట్టుకోక తప్పదన్న సూత్రం అప్పుడే స్థిరపడిపోయింది. వలకు బదులు చెయ్యి రావడానికి యంత్రం చిన్నది కావాలి, ఉన్నచోటే గాలిలో నిలబడగలగాలి.

ఆ రెండూ ఒకచోట చేరి సామాన్యుడి చేతికొచ్చింది 2013 జనవరిలో, డీజేఐ కంపెనీ ఫాంటమ్‌తో. తెల్లటి ఒళ్లు, నాలుగు రెక్కలు, కింద పొడవాటి రెండు కాళ్లు. ఎత్తుగా, ఇరుకుగా ఉండే ఆ కాళ్ల వల్ల ఎగుడుదిగుడు నేల మీద, కాస్త గాలి వీచినా, దిగుతూ దిగుతూ పక్కకు ఒరిగేది. తిరుగుతున్న రెక్కలు నేలకు కొట్టుకుని విరిగేవి. ఇసుకలో దించితే సొంత గాలికే లేచిన రేణువులు మోటార్లలోకి, కెమెరా కీళ్లలోకి చేరేవి. దిగడానికి పనికిరాని ఆ కాళ్లే పట్టుకోవడానికి మాత్రం చక్కటి పిడిలా కుదిరాయి. వాడేవాళ్లు దాన్ని గమనించారు. ఒకరు రిమోట్‌తో డ్రోన్‌ను తలకన్నా ఎత్తులో కదలకుండా నిలబెడతారు. రెండోవాడు గాలి తన వీపుకు తగిలేలా నిలబడతాడు, ఎందుకంటే ఒక విసురు గాలి వచ్చినా డ్రోన్ అతని ముఖం మీదికి కాకుండా దూరంగా పోవాలి. చెయ్యి పూర్తిగా చాచి, కింద నుంచి కాలు పట్టుకుని, పట్టుకున్నానని గట్టిగా చెబుతాడు. అప్పుడు నడిపేవాడు స్టిక్‌ను కిందికి లాగి, మోటార్లు ఆగేదాకా మూడు సెకన్లో నాలుగో అలాగే ఉంచుతాడు. ఆ కొద్దిసేపే అసలు పరీక్ష. పట్టుకున్నవాడి మణికట్టు ఏ మాత్రం వాలినా, లోపలి సెన్సర్‌కు అది చెయ్యి అని తెలియదు. పడిపోతున్నాననుకుని ఒరిగిన వైపు మోటార్లను మరింత జోరుగా తిప్పుతుంది. చేతిలో ఉన్న వస్తువు ఒక్కసారి కీచుమంటూ ఎదురు తిరుగుతుంది. కంగారుపడి లాగేవాడు దాన్ని ఇంకా వంచుతాడు. అందుకే మణికట్టు బిగించి, పళ్లెం పట్టుకున్నంత సమంగా ఉంచడమే మొదటి పాఠమైంది.

ఈ పద్ధతికి క్రమశిక్షణ నేర్పింది సముద్రమే. 2014లో కెనడా పశ్చిమ తీరంలో వాంకూవర్ ద్వీపం దగ్గర ఓర్కా తిమింగలాల ఒడ్డూ పొడుగూ కొలవడానికి పరిశోధకులు ఆరు రెక్కల చిన్న డ్రోన్‌ను వాడారు. దాన్ని పడవ మీద నుంచి చేత్తోనే ఎగరేశారు, చేత్తోనే అందుకున్నారు. మరో దారి లేదు. అల మీద పడవ లేస్తూ పడుతూ ఉంటుంది. కింద ఎంత ఎత్తుందో కొలిచే సెన్సర్‌కు డెక్ ఎక్కడుందో క్షణక్షణం మారిపోతుంది. బయల్దేరిన చోటికి తిరిగి రమ్మనే మీట నొక్కితే డ్రోన్ బుద్ధిగా ఆ చోటికే వెళ్తుంది, కానీ పడవ అప్పటికే కదిలిపోయి ఉంటుంది, అక్కడ నీళ్లే ఉంటాయి. మనిషి మోకాళ్లు, భుజం అల ఊపును తట్టుకున్నట్టు ఏ స్ప్రింగూ తట్టుకోలేదు. దించే వేదిక పనిని మనిషి శరీరమే చేసింది.

ఇది ప్రమాదం కదా, ఎందుకు పొగడాలి అని అడగొచ్చు. అడగవలసిన ప్రశ్నే. 2016లో వచ్చిన ఫాంటమ్ 4 బరువు 1380 గ్రాములు. దాని ప్లాస్టిక్ రెక్కలకు కూడా వేళ్లను లోతుగా కోసే జోరుంది. ఒంటరిగా, ఒక చేత్తో రిమోట్, ఒక చేత్తో డ్రోన్ పట్టుకునేవాడు నిజంగానే ముప్పు కొనితెచ్చుకుంటున్నాడు. అయితే నేల మీద దించడం దానంతటదే సురక్షితం అనుకోవడం పొరపాటు. పెళ్లి ఊరేగింపులో డ్రోన్ కిందికి వస్తుంటే పిల్లలు దాని కిందికే పరిగెత్తుతారు. నేలకు దిగే ప్రతి డ్రోన్ ఆ పిల్లల ముఖం ఎత్తును దాటుకునే వెళ్లాలి. పెద్దవాడు చెయ్యి పైకెత్తి అందుకుని, రెక్కలు పూర్తిగా ఆగాకే కిందికి దించితే ఆ ఎత్తులో తిరిగే రెక్క ఉండదు. కొన్ని చోట్ల, సరైన పద్ధతిలో, ఇద్దరు మనుషులతో, ఇదే తక్కువ ప్రమాదం. మామూలు మైదానంలో కాదు, ఆ తేడా మరవకూడదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. డ్రోన్లు చిన్నవైంది చేతి కోసం కాదు, చట్టం కోసం అంటారు. అమెరికాలో 2015 చివర వచ్చిన రిజిస్ట్రేషన్ నియమం 250 గ్రాముల దగ్గర గీత గీసింది. మన దేశంలోనూ 2021 డ్రోన్ నిబంధనలు 250 గ్రాముల లోపు వాటిని నానోలుగా పెట్టి చాలా బాధ్యతల నుంచి తప్పించాయి. 2019లో 249 గ్రాములతో వచ్చిన మావిక్ మినీ ఆ గీతను చూసి చేసిందేనని ఒప్పుకుంటాను. కానీ 2017 మేలో విడుదలైన స్పార్క్ సంగతేమిటి? అరచేతి మీద నుంచి లేచి, అరచేతి మీదే దిగడం దాని ముఖ్య ఆకర్షణగా ప్రచారం చేశారు. దాని బరువు 300 గ్రాములు. గీత దాటిపోయింది, అయినా చేతిని వదల్లేదు. అంతకు ముందే 2015 మేలో లిలీ అనే డ్రోన్‌ను విసిరితే ఎగిరి, తిరిగొచ్చి చేతిలో వాలుతుందని చూపించగా కోట్ల డాలర్ల ముందస్తు ఆర్డర్లు వచ్చాయి. వస్తువు మాత్రం కొనుగోలుదారులకు చేరకుండానే 2017 జనవరిలో ఆ కంపెనీ మూతపడింది. చేతికందని యంత్రం కోసం అంతమంది డబ్బు కట్టారంటే, వాళ్లను లాగింది బరువు గీత కాదు, చేతిలో వాలే ఆ దృశ్యమే. చట్టం బరువు తగ్గించింది. కానీ 2016 నాటి హోవర్ కెమెరా రెక్కలన్నిటినీ గూటిలో బంధించినప్పుడు అలా చెయ్యమని ఏ చట్టమూ అడగలేదు. వేళ్లు రెక్కల దగ్గరికి వెళ్తాయని తెలిసినవాళ్లే ఆ గూడు కడతారు. 2024లో వచ్చిన 135 గ్రాముల నియో కూడా రెక్కల చుట్టూ కంచెతోనే వచ్చింది. అరచేయి చాస్తే దాని మీద దిగి తానే ఆగిపోతుంది. ఒకప్పుడు వాడుకరులు నేర్చుకున్న పట్టు, గాలి దిశ, మూడు సెకన్ల ఓపిక అక్కడ అవసరం లేదు.

తిమింగలాల వెంట వెళ్లే పడవల్లో మాత్రం డ్రోన్లు ఇంకా పెద్దవే. అక్కడ ఒకరు రిమోట్ పట్టుకుంటారు. మరొకరు కళ్లద్దాలు పెట్టుకుని, తొడుగు వేసుకున్న చెయ్యి తల మీదికి ఎత్తి, అల ఊపుకు మోకాళ్లు వంచుతూ నిలబడతారు.