తుపాకుల నియంత్రణ, మోటారు వాహనాల నియంత్రణ: అమెరికా చర్చలో ఒక పోలిక

తుపాకులను కూడా మోటారు కార్ల మాదిరిగానే నియంత్రించాలన్న వాదం, దానికి ఎదురుగా పుట్టిన ప్రతివాదాలు అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజకీయాల్లో అనేక దశాబ్దాలుగా వినిపిస్తున్నాయి. ఈ పోలికలో మూడు వేర్వేరు అంశాలు కలగలిసి ఉన్నాయి. వస్తువును యజమాని పేరిట ప్రభుత్వ దస్తావేజుల్లో ఎక్కించడం మొదటిది, దీన్ని నమోదు అంటారు. దాన్ని వాడే మనిషిని పరీక్షించి అనుమతి ఇవ్వడం రెండవది, ఇది లైసెన్సు. ఆ వస్తువును ఏ ప్రమాణాల ప్రకారం తయారుచేయాలో కంపెనీలకు నిర్దేశించడం మూడవది, దీన్ని ఉత్పత్తి భద్రత అంటారు. వాదించేవారు ఈ మూడింటిలో తమకు అనువైనదాన్ని ముందుకు తెచ్చి తక్కినవాటిని పక్కన పెట్టినందున, ఒకే పోలిక ఇరుపక్షాలకూ అక్కరకు వచ్చింది.

తొలి చట్టాలు

1791లో ఆమోదం పొందిన రాజ్యాంగ రెండవ సవరణ, ఆయుధాలు కలిగి ఉండడానికీ ధరించడానికీ ప్రజలకున్న హక్కును భంగపరచరాదని చెప్పింది. ఆ తరువాతి నూరేళ్లలో రాష్ట్రాలు, పట్టణాలు ఆయుధాలను దాచుకుని తిరగడం వంటివాటిపై ఎవరికి తోచిన ఆంక్షలు వారు పెట్టుకున్నాయి.

మోటారు వాహనాల చట్టాలకు అటువంటి పూర్వచరిత్ర లేదు. 1901లో న్యూయార్కు రాష్ట్రం వాహనాల నమోదును తప్పనిసరి చేసి, యజమాని పేరులోని పొడి అక్షరాలను బండి వెనుక కనబడేలా పెట్టుకోవాలని ఆదేశించింది. 1903లో మసాచుసెట్స్ ప్రభుత్వం తానే నంబరు పలకలను జారీచేయగా, 1908లో రోడ్ ఐలండ్ డ్రైవర్లకు పరీక్షను ప్రవేశపెట్టింది. ఈ పద్ధతులు దేశమంతటికీ ఒకేసారి పాకలేదు. దక్షిణ డకోటా 1954 వరకు డ్రైవింగు లైసెన్సు అడగనే లేదు. 1915లో హెన్‌డ్రిక్ వర్సెస్ మేరీలాండ్ కేసులో సుప్రీంకోర్టు, మోటారు వాహనాలు ప్రజలకు ప్రమాదకరమైనవే గాక రోడ్లను కూడా పాడుచేస్తాయి కాబట్టి ప్రజామార్గాలపై వాటి వాడకానికి నమోదు, లైసెన్సు, రుసుము విధించే అధికారం రాష్ట్రాలకు ఉందని తీర్పు చెప్పింది. ఈ అధికారాన్ని కోర్టు ప్రజామార్గంతో ముడిపెట్టి చూసిన సంగతి తరువాతి వాదాల్లో మళ్లీ మళ్లీ ప్రస్తావనకు వచ్చింది. 1927లో మసాచుసెట్స్ వాహన బీమాను తప్పనిసరి చేసింది.

కార్ల నమోదుకు శ్రీకారం చుట్టిన న్యూయార్కు రాష్ట్రమే 1911లో సలివన్ చట్టం ద్వారా దాచుకోవడానికి వీలైన చిన్న తుపాకులకు లైసెన్సు విధించింది. 1934లో ఫెడరల్ ప్రభుత్వం, అంటే కేంద్ర ప్రభుత్వం, జాతీయ తుపాకుల చట్టాన్ని తెచ్చినప్పుడు అటార్నీ జనరల్ హోమర్ కమింగ్స్ పిస్టళ్లను, రివాల్వర్లను కూడా నమోదు పరిధిలోకి తేదలచారు; చివరకు ఆ భాగం తొలగిపోయి, మెషీన్ గన్లు, గొట్టం పొట్టిగా కోసిన తుపాకుల వంటివాటిపై 200 డాలర్ల పన్ను, నమోదు మాత్రమే మిగిలాయి. జాతీయ రైఫిల్ సంఘం అధ్యక్షుడు, 1920 ఒలింపిక్స్‌లో పిస్టల్ పోటీల స్వర్ణ విజేత అయిన కార్ల్ ఫ్రెడరిక్, జనం విచ్చలవిడిగా తుపాకులు వెంటబెట్టుకుని తిరగడాన్ని తాను సమర్థించనని, లైసెన్సు ఉన్నవారికే దాన్ని పరిమితం చేయాలని ఈ బిల్లుపై జరిగిన విచారణలో చెప్పారు. ఆ సంఘం తరువాత అవలంబించిన ధోరణికి, ఈ సాక్ష్యానికి చాలా దూరం ఉంది.

1965–1968: రెండు చట్టాలు, రెండు దారులు

ఈ పోలికకు నేటి రూపం వచ్చింది 1960లలో. 1965లో రాల్ఫ్ నాడర్ ప్రచురించిన ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ అనే గ్రంథం, ప్రమాదాల నింద అంతా డ్రైవరు మీదకు నెట్టడం కార్ల కంపెనీలకు అలవాటైందని, బండి నిర్మాణంలోనే లోపాలున్నాయని నిరూపించ పూనుకుంది. నాడర్ వ్యక్తిగత జీవితంపై జనరల్ మోటార్స్ సంస్థ అపరాధ పరిశోధకులను పెట్టిన సంగతి బయటపడి, 1966 మార్చిలో ఆ సంస్థ అధ్యక్షుడు జేమ్స్ రోచ్ సెనెట్ ఉపసంఘం ముందు క్షమాపణ చెప్పవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 9న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ జాతీయ ట్రాఫిక్, మోటారు వాహన భద్రతా చట్టంపై సంతకం చేశారు.

ఆ చట్టం అమలుకు తొలి అధిపతిగా వచ్చిన విలియం హాడన్ జూనియర్ వైద్యుడు, సాంక్రమిక వ్యాధుల శాస్త్రవేత్త. మలేరియాను అరికట్టేవారు రోగిని, దోమను, నిలవనీటిని కలిపి చూసినట్లే, రోడ్డు గాయాన్ని కూడా మనిషి, వాహనం, పరిసరం అనే మూడు కోణాలలో, ప్రమాదానికి ముందు, ప్రమాద క్షణంలో, ఆ తరువాత అనే మూడు దశలలో పరిశీలించాలన్నది ఆయన నిశితమైన సూత్రీకరణ. దీనికి హాడన్ పట్టిక అని పేరు. మనిషిని దిద్దడం కష్టమైనప్పుడు వస్తువును దిద్దవచ్చునన్న ఈ దృష్టితోనే సీటు బెల్టులు, ఢీకొన్నప్పుడు వెనక్కు ఒదిగే స్టీరింగు కడ్డీ వంటివి కొత్త కార్లలో తప్పనిసరి అయ్యాయి. 1966లో ప్రతి పది కోట్ల మైళ్ల ప్రయాణానికి సుమారు 5.5గా ఉన్న మరణాల రేటు 2014 నాటికి దాదాపు 1.1కి తగ్గింది. మద్యం తాగి బండి నడపడంపై కఠిన చట్టాలు, మెరుగైన రోడ్లు, అత్యవసర వైద్యం కూడా ఈ తగ్గుదలకు తోడ్పడ్డాయి.

తుపాకుల విషయం మరో దారి పట్టింది. 1963లో అధ్యక్షుడు జాన్ కెనెడీని చంపిన రైఫిలు తపాలా ద్వారా కొన్నది కావడంతో, తపాలా విక్రయాలపై సెనెటర్ థామస్ డాడ్ అప్పటికే తెచ్చిన బిల్లుకు ప్రాధాన్యం పెరిగింది. అయినా 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ హత్యలు జరిగేదాకా చట్టసభ అయిన కాంగ్రెస్ కదలలేదు. జూన్ 24న కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో జాన్సన్, కార్లను, పడవలను, కొన్ని ఊళ్లలో కుక్కలను, సైకిళ్లను సైతం నమోదు చేసుకుంటున్న పౌరులు తుపాకులను ఆ జాబితాలో చేర్చడానికి వెనుకాడనక్కర లేదన్న భావం వ్యక్తం చేశారు. అక్టోబరు 22న ఆయన సంతకం చేసిన తుపాకుల నియంత్రణ చట్టం రాష్ట్రాల మధ్య తపాలా విక్రయాలను నిషేధించింది, వ్యాపారులకు లైసెన్సును, తుపాకులపై వరుస సంఖ్యను తప్పనిసరి చేసింది, నేరస్థులుగా శిక్షపడినవారు తుపాకి కొనరాదని చెప్పింది. నమోదు గాని, యజమానుల లైసెన్సు గాని అందులో లేవు. ఆ లోపానికి తుపాకుల పక్షాన పనిచేసిన బలమైన వర్గమే కారణమని జాన్సన్ సంతకం వేళనే విచారం వ్యక్తం చేశారు. ఇలినాయ్ రాష్ట్రం మాత్రం అదే సంవత్సరం యజమానులకు గుర్తింపు కార్డును విధించింది.

అదే ఏడాది హేన్స్ కేసులో సుప్రీంకోర్టు, తుపాకి కలిగి ఉండడమే నేరమైన వ్యక్తిని దాన్ని నమోదు చేయమని బలవంతపెట్టడం తనపై తానే సాక్ష్యం చెప్పించడమవుతుందని, కాబట్టి నమోదు చేయనందుకు అతన్ని శిక్షించరాదని చెప్పింది. కారు యజమాని విషయంలో ఇటువంటి చిక్కు సాధారణంగా తలెత్తదు.

తరువాతి మూడు దశాబ్దాలు

1972లో ఏర్పడిన వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ పరిధి నుంచి తుపాకులను తప్పించారు. 1977లో జాతీయ రైఫిల్ సంఘం నాయకత్వం రాజీలేని వర్గం చేతికి వచ్చింది. 1986 చట్టం తుపాకి యజమానుల జాతీయ జాబితాను ఫెడరల్ ప్రభుత్వం తయారుచేయరాదని నిషేధించింది. 1993 నాటి బ్రేడీ చట్టం లైసెన్సు ఉన్న వ్యాపారి వద్ద కొనేవారి పూర్వచరిత్రను పరిశీలించే ఏర్పాటు చేసింది. రోడ్డు ప్రమాదాలు ఒక సాంక్రమిక వ్యాధి వంటివని 1959లోనే వ్రాసిన డేనియల్ పాట్రిక్ మొయినిహన్ 1993లో సెనెటర్ హోదాలో, తుపాకులను కాక తూటాలను అదుపు చేయాలంటూ కొన్ని రకాల తూటాలపై భారీ పన్ను ప్రతిపాదించారు. హాడన్ ఆలోచనను తుపాకుల రంగానికి నేరుగా తెచ్చిన అరుదైన ప్రయత్నమిది, కానీ చట్టం కాలేదు. తుపాకుల నియంత్రణను ప్రోత్సహించడానికి ఫెడరల్ నిధులు వాడరాదంటూ 1996లో చేరిన డికీ సవరణ ఫలితంగా వ్యాధి నియంత్రణ కేంద్రాల తుపాకి గాయాల పరిశోధన రెండు దశాబ్దాలపాటు దాదాపు నిలిచిపోయింది. కార్ల విషయంలో మాత్రం ప్రతి ప్రాణాంతక ప్రమాదం వివరాలూ 1975 నుంచి జాతీయ స్థాయిలో పోగవుతూనే ఉన్నాయి.

ప్రతివాదాలు

పోలికను వ్యతిరేకించేవారి ప్రధాన వాదం, ఆయుధ ధారణ రాజ్యాంగం గుర్తించిన హక్కు కాగా బండి నడపడం ప్రభుత్వం ఇచ్చే సదుపాయం మాత్రమేనని. నమోదు జాబితాలు రేపు జప్తుకు దారి చూపుతాయన్న భయం రెండవది. డేవిడ్ కోపెల్ వంటి రచయితలు పోలికను తిప్పికొట్టి, నిజంగానే కార్లలా చూస్తే తుపాకుల చట్టాలు సడలుతాయని వాదించారు: సొంత పొలంలో నడిపే కారుకు లైసెన్సు అక్కరలేదు, నేరస్థుడు కారు కొనరాదన్న నియమం లేదు, ఒక రాష్ట్రం ఇచ్చిన డ్రైవింగు లైసెన్సు అన్ని రాష్ట్రాలలోనూ చెల్లుతుంది. 2017 డిసెంబరులో ప్రతినిధుల సభ ఆమోదించి సెనెట్‌లో ఆగిపోయిన బిల్లు, తుపాకి ధరించే అనుమతికి ఈ చివరి సూత్రాన్నే వర్తింపజేయదలచింది. కారు మరణాలు చాలావరకు అనుకోకుండా జరిగేవి, తుపాకి మరణాలు ప్రధానంగా ఆత్మహత్యలు, హత్యలు అన్న భేదాన్ని కూడా వీరు చూపుతారు. దీనికి భిన్నంగా, హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ హెమెన్‌వే 2004 నాటి గ్రంథంలో కార్ల భద్రత సాధించిన విజయాన్నే ప్రజారోగ్య మార్గానికి ఉదాహరణగా నిలిపారు.

ఇరవై ఒకటవ శతాబ్దం

2008లో హెలర్ కేసులో సుప్రీంకోర్టు రెండవ సవరణ వ్యక్తిగత హక్కును కాపాడుతుందని స్పష్టం చేసింది. 2022 నాటి బ్రూయెన్ తీర్పు, తుపాకుల ఆంక్ష ఏదైనా దేశ చారిత్రక సంప్రదాయానికి అనుగుణంగా ఉన్నట్లు చూపాలని కోరడంతో, ఇరవయ్యవ శతాబ్దంలో పుట్టిన వాహన చట్టాలతో పోలికకు న్యాయస్థానాలలో విలువ తగ్గింది. శాసనకర్తలలో అది నిలిచే ఉంది: అదే ఏడాది కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరం తుపాకి యజమానులకు బీమాను తప్పనిసరి చేసింది. అంతకు రెండేళ్ల ముందే, 2020లో, ఒకటి నుంచి పంతొమ్మిదేళ్ల వయసు వారి మరణాలకు కారణాలలో తుపాకి గాయాలు మోటారు ప్రమాదాలను దాటి మొదటి స్థానానికి చేరాయి.

రెండు వ్యవస్థల మధ్య తేడా వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న జాతీయ అన్వేషణ కేంద్రంలో స్పష్టంగా కనిపిస్తుంది. కారు నంబరు ఆధారంగా యజమానిని పోలీసులు క్షణాల్లో గుర్తిస్తుండగా, నేరస్థలంలో దొరికిన తుపాకి వరుస సంఖ్యను పట్టుకుని ఈ కేంద్రం ఉద్యోగులు తయారీదారును, ఆ మీదట టోకు వర్తకుడిని, చివరకు చిల్లర వ్యాపారిని విచారించి, దుకాణం మూతపడి ఉంటే అది అప్పగించిన పాత కాగితాలను వెదికి, తొలి కొనుగోలుదారు పేరు వరకే చేరగలుగుతారు. ఆ తుపాకి తరువాత ఎన్ని చేతులు మారిందో చెప్పే జాతీయ దస్తావేజు ఏదీ లేదు.