తెర మీది బొమ్మ నడిచిన దారి: తిరుపతి, చిత్తూరు సీమలో యాభై ఏళ్లు

టీవీ కొనడానికి వెళ్లినవారు మొదట అడిగేది ఎన్ని అంగుళాలని, ఆ తర్వాత 4కె ఉందా లేదా అని. రెండూ తెర కొలతలే. కంటికి ఆనే బొమ్మ మాత్రం కెమెరా దగ్గర బయలుదేరి ఉపగ్రహమో కేబులో, సెట్‌టాప్ బాక్సు, వైరు దాటుకుని తెరకు చేరుతుంది. చెరువు నిండుగా ఉన్నా పొలానికి పారేది తూము వదిలినంతే. బొమ్మ కూడా దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటికి తగ్గట్టే ఉంటుంది. గత యాభై ఏళ్లలో ఆ ఇరుకు ఒక్కో కాలంలో ఒక్కో చోటికి మారింది. ఆ మార్పును తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో మొదటినుంచీ గమనించవచ్చు. తిరుమల బ్రహ్మోత్సవాల ప్రత్యక్ష ప్రసారం, ప్రసార ఉపగ్రహాలు పంపిన శ్రీహరికోట, టీవీలు తయారుచేసే ఫ్యాక్టరీలు ఇప్పుడు ఒకే తిరుపతి జిల్లాలో ఉన్నాయి.

మద్రాసు వైపు తిరిగిన యాంటెన్నాలు

మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబరు 23న వచ్చింది. అప్పటి ప్రసారమంతా నేల మీది టవర్ల నుంచే. దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ సన్నగిల్లేది, భూమి వంపు దాటితే ఇక అందేది కాదు. హైదరాబాద్ ఎక్కడో ఉంది. సత్యవేడు, నగరి వైపు వారికి మద్రాసే దగ్గర. మిద్దె మీద పొడవాటి ఇనుప గొట్టం పాతి, కొసన అల్యూమినియం యాంటెన్నా బిగించి, దాన్ని మద్రాసు వైపు తిప్పేవారు. ఒకరు పైన గొట్టాన్ని అంగుళం అంగుళం తిప్పుతుంటే మరొకరు కింద టీవీ ముందు నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు!" అని కేకలేసేవారు. కొండల దాపున ఉన్న ఊళ్లకు మరో తిప్పలు. నేరుగా వచ్చిన సిగ్నల్‌తో పాటు కొండకు తగిలి ఆలస్యంగా చేరిన సిగ్నల్ కూడా పట్టుబడి, ప్రతి మనిషి పక్కన మసక నీడ ఒకటి కనిపించేది.

మన దేశం ఎంచుకున్న పద్ధతిలో ఫ్రేముకు 625 గీతలు. బొమ్మకు పనికొచ్చేవి 576. సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలుగా విడదీసి రెండు విడతల్లో పంపేవారు. 1982లో రంగులు వచ్చినా ఈ లెక్క మారలేదు. ఆ కాలంలో టీవీకీ ప్రసారానికీ పొత్తు కుదరకపోవడమన్న మాటే లేదు. దేశమంతా ఒకే కొలత. లోపమల్లా గాలిలోనే.

కేబుల్, క్యాసెట్, డిస్కు

1990ల్లో కేబుల్ కనెక్షన్ వచ్చాక యాంటెన్నాలు మిద్దెల మీదే తుప్పుపట్టాయి. 1995లో జెమినీ, ఈటీవీ రావడంతో తెలుగు కార్యక్రమాలు కేబుల్‌లోనే అందాయి, మద్రాసు గాలి మీద ఆధారపడే అవసరం తీరింది. ఇరుకు ఇప్పుడు వీధిలోని వైరులోకి మారింది. కేబుల్ పొడవునా సిగ్నల్ బలహీనపడుతుంది కాబట్టి మధ్యమధ్యలో యాంప్లిఫయర్లు పెట్టేవారు. అవి సిగ్నల్‌తో పాటు చుక్కలనూ పెంచేవి. ఆపరేటర్ గదికి ఆనుకున్న ఇంట్లో అద్దంలాంటి బొమ్మ, వీధి చివరి ఇంట్లో ఇసుక చల్లినట్టున్న బొమ్మ.

ఇంట్లోనే సినిమా వేసుకునే సరదా కూడా అప్పుడే ముదిరింది. వీహెచ్ఎస్ క్యాసెట్‌లో వివరాలు ప్రసారం కన్నా తక్కువ. వీసీడీ బొమ్మ 352×288 చుక్కలే. మనుషులు వేగంగా కదిలితే గళ్లుగళ్లుగా విరిగిపోయేది. డీవీడీ 720×576కు తెచ్చింది. ఐదు చిన్న స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉన్న హోమ్ థియేటర్ పెట్టెలు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చింది డీవీడీతోనే. వైరు మీద శ్రద్ధ పెట్టినవారు తక్కువ. పసుపు పిన్ను తీగలో రంగూ వెలుగూ కలిసిపోయి వెళ్తాయి, అంచుల్లో రంగులు పాకుతాయి. అదే డీవీడీ ప్లేయర్ వెనక ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంధ్రాలు ఉండేవి. టీవీకీ అవి ఉంటే, ఆ మూడు తీగలు కలిపితే చాలు, బొమ్మ తేటపడేది. చాలా ఇళ్లలో అవి ఖాళీగానే ఉండిపోయాయి.

ఆకాశం నుంచి నేరుగా

2006 జూలై 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన జీఎస్ఎల్వీ రాకెట్ విఫలమై ఇన్సాట్-4సీ ఉపగ్రహం పోయింది. 2007 సెప్టెంబరు 2న దాని స్థానంలో ఇన్సాట్-4సీఆర్‌ను అక్కడినుంచే విజయవంతంగా పంపారు. అందులో ఇంటిమీది చిన్న డిష్‌లకు నేరుగా టీవీ ప్రసారాలు అందించేందుకు 12 కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లు ఉన్నాయి. మరుసటి ఏడాది, 2008 జూలై 7న, తిరుమల తిరుపతి దేవస్థానాల శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ ప్రారంభమైంది.

డిష్‌కు చేరే ఈ డిజిటల్ ప్రసారంలో చుక్కలు, నీడలు మాయమయ్యాయి. కొత్త సమస్య మొదలైంది. ఛానళ్లు ఎక్కువ ఇరికించాలంటే ఒక్కో ఛానల్‌కు ఇచ్చే డేటా తగ్గించాలి. ఆ కోత ఎంతటిదో బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రాత్రి తెలుస్తుంది. చీకటి ఆకాశం, వేల దీపాలు, ఆభరణాల తళుకు, మాడ వీధుల్లో కదిలే జనం. ఫ్రేము ఫ్రేముకూ అంతా మారిపోయే ఇలాంటి దృశ్యాన్ని కుదించడం చాలా కష్టం. డేటా చాలకపోతే జనం ముఖాలు గళ్లుగా అతుక్కుపోతాయి, హారతి చుట్టూ వలయాలు ఏర్పడతాయి. 2020లో కొవిడ్ వల్ల బ్రహ్మోత్సవాలు ఆలయం లోపల ఏకాంతంగా జరిగాయి. ఆ ఏడు వాహన సేవలు చూడాలంటే భక్తులకు మిగిలింది తెర మీది దర్శనమే. బొమ్మ నాణ్యతను విలాసంగా చూడకూడదని నేను గట్టిగా నమ్మడానికి కారణం అదే.

పట్టణాల్లో కేబుల్ డిజిటల్ కావడానికి కేంద్రం పెట్టిన గడువు 2015 డిసెంబరు. పల్లెల గడువును 2017 మార్చి దాకా పొడిగించారు. 2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ టీవీ, ఇంటర్నెట్‌లను ఒకే తీగలో ఇచ్చింది.

ఇక్కడే తయారవుతున్న తెరలు

2018లో షావోమీ టీవీల తయారీని తిరుపతిలోని డిక్సన్ టెక్నాలజీస్ ఫ్యాక్టరీలో చేపట్టారు. అదే ఏడాది డిసెంబరులో ఏర్పేడు మండలం వికృతమాలలో టీసీఎల్ ప్యానల్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. ఒకప్పుడు మద్రాసు బొమ్మ కోసం గొట్టాలు ఎత్తిన సీమ ఇప్పుడు దేశానికి టీవీలు పంపుతోంది.

సరిగ్గా ఈ దశలోనే కొలతల గందరగోళం పెరిగింది. 32 అంగుళాల తెరల్లో బాగా అమ్ముడైన కొలత 1366×768. ప్రసారాల్లో ఈ కొలతే లేదు. 1280×720 వస్తే సాగదీయాలి, 1920×1080 వస్తే కుదించాలి, 576 గీతల పాత ప్రసారం వస్తే ముందు సరి, బేసి గీతలను కలిపి ఆపైన సాగదీయాలి. ఈ పని చేసే చిప్ నాసిరకమైతే పరుగెత్తే మనిషి అంచులు గీతలుగా చీలిపోతాయి. 4కె తెరలో 3840×2160 చుక్కలు, అంటే డీవీడీ బొమ్మకు సరిగ్గా ఇరవై రెట్లు. డీవీడీ పెడితే ఇరవై చుక్కల్లో పందొమ్మిది టీవీ ఊహించి నింపినవే. పాత సినిమా పాత టీవీలోనే బాగుందని పెద్దవాళ్లు అంటే అది చాదస్తం కాదు, లెక్క ప్రకారం నిజం.

హోమ్ థియేటర్ పెట్టుకున్నవారికి మరో ముడి హెచ్‌డీఎంఐ. బొమ్మనూ శబ్దాన్నీ ఒకే తీగలో పంపే ఈ పద్ధతి 2002లో వచ్చింది. సెకనుకు 60 ఫ్రేముల 4కె పంపగల 2.0 రకం వచ్చింది 2013లో. కాపీ కాకుండా కాపాడే హెచ్‌డీసీపీ 2.2 నియమం కూడా ఆ కాలానిదే. అంతకుముందు కొన్న ఆంప్లిఫయర్‌ను ప్లేయర్‌కూ టీవీకీ మధ్య పెడితే 4కె బొమ్మ 1080కి పడిపోతుంది, లేదా తెర నల్లగా ఉండిపోతుంది. మూడు పరికరాలూ బాగానే ఉంటాయి, కలిపితే కుదరదు. ఆంప్లిఫయర్‌ను పారేయనక్కర్లేదు. ప్లేయర్‌ను నేరుగా టీవీకి కలిపి, టీవీలో ఏఆర్‌సీ అని రాసి ఉన్న రంధ్రం నుంచి శబ్దాన్ని ఆంప్లిఫయర్‌కు పంపితే చాలు. ఆంప్లిఫయర్‌కూ ఏఆర్‌సీ ఉండాలి, అది లేని పాతవాటికి ఆప్టికల్ తీగ ఉంది. వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ సంగతీ ఇలాంటిదే. చవక టీవీ ఆ సిగ్నల్‌ను తీసుకుంటుంది కానీ దానికి తగిన వెలుగు ఇవ్వలేదు.

యాంటెన్నా కాలంలో బొమ్మ బాగాలేకపోతే కారణం అందరికీ కనిపించేది, మిద్దె ఎక్కి సరిచేసుకునేవారు. ఇప్పుడు కారణం పెట్టెల లోపల, సెట్టింగుల వెనక దాగింది. అందుకే కొనేవారు అడగాల్సిన ప్రశ్నలు మారాలి: ప్యానల్ అసలు కొలత ఎంత, ఏ రంధ్రం ఏ రకం, మా ఇంటి కేబుల్ ప్రసారం ఇందులో ఎలా కనిపిస్తుంది? దుకాణదారులు కంపెనీ ఇచ్చిన పూల, చేపల వీడియోలు ఆపి మామూలు ఛానల్ పెట్టి చూపాలి. తయారీదారులు ఈ వివరాలను అట్టపెట్టె మీద తెలుగులో అచ్చువేయాలి. ఆ అట్టపెట్టెలు తిరుపతి నుంచే బయటికి వెళ్తున్నాయి కనుక ఆ పని ఇక్కడే మొదలు కావడం న్యాయం.