పంప్డ్ స్టోరేజీ జలవిద్యుత్తు

మిగులు కరెంటుతో దిగువ జలాశయంలోని నీటిని ఎగువకు తోడి ఉంచి, అవసరమైనప్పుడు ఆ నీటినే కిందికి వదిలి టర్బైన్ల ద్వారా తిరిగి విద్యుత్తు రాబట్టే నిల్వ పద్ధతి పంప్డ్ స్టోరేజీ. 1 ఘనపు మీటరు నీరు 100 మీటర్ల ఎత్తులో దాచుకునే శక్తి సుమారు 0.27 యూనిట్లే, అందుకే దీనికి కొండ, లోయ, పెద్ద చెరువంత నీరు కావాలి. కృష్ణానదిపై నాగార్జునసాగర్‌లో 100.8 మెగావాట్ల టర్బైన్లు 7, శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్లవి 6 రెండు దిశల్లోనూ తిరిగేలా నిర్మితమయ్యాయి.

సౌరవిద్యుత్తు విస్తరణ ఈ పాత పద్ధతికి కొత్త ప్రాధాన్యం తెచ్చింది. కర్నూలు ప్రాంతంలోని 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వంటివి మధ్యాహ్నం గరిష్ఠంగా ఉత్పత్తి చేస్తాయి. ఇళ్లలో వాడకం పెరిగేది దీపాలు పెట్టే వేళ. కాబట్టి సౌర పలకలు పెంచినంత మాత్రాన రాత్రి కొరత తీరదు. తోడిన కరెంటులో 20-25 శాతం నష్టమవుతుందన్న ఆక్షేపణ నిజమే. అయితే గ్రిడ్డు తీసుకోలేక ఉత్పత్తి నిలిపివేస్తే పోయేది నూరు శాతం. లిథియం బ్యాటరీల్లో నష్టం తక్కువ, స్థాపన త్వరితం. కొద్ది గంటల అవసరానికి అవే మేలు. కానీ వాటి సామర్థ్యం ఏటేటా తరుగుతుంది, జలాశయం దశాబ్దాలు నిలుస్తుంది. నీరు చాలదన్న వాదన నదిపై కట్టిన కేంద్రాలకే గట్టిగా వర్తిస్తుంది: దిగువన నీరు నిలవకపోతే తోడేందుకేమీ ఉండదు. నాగార్జునసాగర్ దిగువన సత్రశాల వద్ద నీటిని నిలిపే టెయిల్‌పాండ్ కట్టింది ఇందుకే. నదితో సంబంధం లేని జంట జలాశయాల్లో ఒకసారి నింపిన నీరే తిరుగుతుంది. ఆవిరైనంత, ఇంకినంత మాత్రమే మళ్లీ నింపాలి.