పెద్దనోటి సొరను ఏం చేశాం?

1976 నవంబరు 15. హవాయి దీవుల్లో ఓహూ దాపున అమెరికా నౌకాదళ పరిశోధన నౌక ఒకటి లంగర్లు పైకి లాగుతోంది. అవి అడుగును తాకే ఇనప లంగర్లు కావు. నీళ్లలో విచ్చుకుని, ఓడ కొట్టుకుపోకుండా నిలవరించే పారాచూట్లు. 165 మీటర్ల లోతున అలాంటి ఒక పారాచూట్‌లో చిక్కుకున్న సొర దాంతోపాటే పైకొచ్చింది. పొడవు 4.46 మీటర్లు, బరువు 750 కిలోలు. తలంత వెడల్పున నోరు, అందులో వరసలు వరసలుగా చిన్న కొక్కేల పళ్లు. అలాంటి సొరను అంతకుముందు ఏ శాస్త్రవేత్తా చూడలేదు.

పారాచూట్ కోసి దాన్ని నీళ్లలోకి తోసేస్తే అడిగేవాళ్లు లేరు. ఆ సిబ్బంది తోసెయ్యలేదు, ఒడ్డుకు చేర్చారు. వైకీకీ అక్వేరియం అధిపతి లైటన్ టేలర్ మరో ఇద్దరితో కలిసి 1983లో దానికి మెగాచాస్మా పెలాజియోస్ అని పేరు పెట్టాడు. తెలిసిన ఏ సొరల కుటుంబంలోనూ ఇమడకపోతే దానికోసం కొత్త కుటుంబమే ఏర్పడింది.

1988లో ఆస్ట్రేలియాలోని మాండురా తీరానికి ఇంకొకటి కొట్టుకొచ్చింది. జనం దాన్ని తిమింగలమనుకుని, బతికించాలని మళ్లీ లోపలికి నెట్టారు. బతకలేదు.

1990 అక్టోబరులో కాలిఫోర్నియాలోని డేనా పాయింట్ దగ్గర వలలో పడింది మాత్రం ప్రాణాలతో రేవుకు చేరింది. దానికి ధ్వని పరికరాలు తగిలించి వదిలి, రెండు రోజుల పాటు పడవలో వెంబడించారు. పగలు 120 నుంచి 166 మీటర్ల లోతున ఉంది. చీకటి పడగానే 12 నుంచి 25 మీటర్ల దాకా పైకొచ్చింది. తన ఆహారమైన క్రిల్ రొయ్యలు రాత్రిపూట పైకి తేలితే, వాటి వెంటే తనూ వస్తుంది. కోసి చూస్తే పొట్టలో ఏముందో తెలుస్తుంది కానీ ఈ రాకపోకలు తెలియవు. వదిలిన చేపే చెప్పింది.

2009 మార్చిలో ఫిలిప్పీన్స్‌లోని డొన్‌సోల్ జాలరుల వలలో ఒకటి పడింది. వద్దని వారించినా ఊరు వండుకుంది. అక్కడ సొర మాంసాన్ని చిదిమి కొబ్బరిపాలు, మునగాకుతో వండుతారు. నేను కోస్తాలో పుట్టినవాణ్ణి. ఉడికించి, తోలు తీసి, చిదిమి, ఉల్లి, పచ్చిమిరపతో వేయించిన సొరపిట్టు తిని పెరిగాను. బాలింతలకు పాలసొర వండిపెట్టే ఇళ్లు మావి. ఆ జాలరులను నేను తప్పుపట్టలేను. వేటకెళ్లినవాడికి వలలో పడిందే ఆ రోజు కూడు.

తైవాన్‌లో హువాలియెన్ వైపు వలల్లో ఇవి తరచుగా పడేవి. 2020లో అక్కడి ప్రభుత్వం వీటి వేటను నిషేధించింది. మంచి పని. అయితే నిషేధం ఒక్కటే చాలదని గుజరాత్ మనకు చూపించింది. 2001లో తిమింగల సొరకు చట్టరక్షణ వచ్చాక, దాన్ని వదిలేందుకు వల కోసుకున్న జాలరికి అక్కడ పరిహారం ఇచ్చారు. జాలరులు వదలడం మొదలుపెట్టారు. అరుదైన చేపను కాపాడమని చెప్పేవాళ్లెవరైనా ముందు ఆ వల ఖరీదు ఇవ్వాలి. వల కోసేది జాలరే, నష్టపోయేదీ జాలరే. ఆ నష్టాన్ని మనం పంచుకున్నప్పుడే కాపాడమని అడిగే హక్కు మనకు వస్తుంది.